పదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లలకి: బడి సెలవులిచ్చేలోగా చూసుకోవాల్సిన పనులు

లెక్కల మాస్టారు (విజయనగరం జిల్లా)

పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. కింది తరగతులకి ఎస్‌ఏ-2 (ఏడాది చివరి పరీక్షలు) నడుస్తోంది. ఒంటిపూట బడి కాబట్టి పన్నెండున్నర దాటితే ఆఫీసు గదిలో ఎవరూ దొరకరు. ఏప్రిల్ 23 ప్రాంతంలో వేసవి సెలవులిచ్చామంటే మళ్ళీ జూన్ 12కే తాళం తీయడం. ఈలోపే ఫలితాలు, పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష), ట్రిపుల్ ఐటీ (పది తర్వాత ఆరేళ్ళ ఇంజినీరింగ్ చదువు) దరఖాస్తులు, ఇంటర్ చేరికలు అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. సంతకం పెట్టాల్సిన మనిషేమో సెలవుల్లో సొంతూరు వెళ్ళి ఉంటాడు. ఏటా జూన్‌లో పిల్లలూ తల్లిదండ్రులూ బడి గేటు దగ్గర పడే అవస్థ చూస్తున్నాను కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు స్టడీ సర్టిఫికెట్లు. పాలిటెక్నిక్ కౌన్సెలింగ్‌లో 4 నుంచి 10 వరకు అడుగుతారు. రెండేళ్ళ తర్వాత ఈఏపీసెట్ (ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్‌లో 6 నుంచి ఇంటర్ వరకు అడుగుతారు. అంతా ఒకే బడిలో చదివిన పిల్లలకి పెద్ద పని లేదు. ఐదు వరకు ఊళ్ళో ప్రాథమిక పాఠశాల, తర్వాత హైస్కూలు, మధ్యలో రెండేళ్ళు ఏ ప్రైవేటు బడో అయితే మాత్రం మూడు చోట్లా తిరగాలి. పదో తరగతి ఏడాదికి సంబంధించింది ఫలితాలొచ్చాక టీసీతో పాటు ఇస్తారు. తొమ్మిది వరకు ఇప్పుడే తీసుకోవచ్చు, ఎవరూ కాదనరు.

తీసుకున్నాక అక్కడే నిలబడి చదువుకోండి. ఏ విద్యా సంవత్సరం ఏ తరగతి అన్నది విడివిడిగా రాసి ఉండాలి. అడ్మిషన్ నంబరు, బడి ముద్ర, హెచ్‌ఎం సంతకం ఉండాలి. ముద్ర లేని కాగితం కౌన్సెలింగ్ బల్ల దగ్గర పనికిరాదు.

మిగతావి ఒక్కొక్కటీ రాస్తాను. తెలిసినవాళ్ళు మీరూ చేర్చండి.


గుంటూరు నాన్న

మాస్టారూ, సమయానికి మొదలుపెట్టారు. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. ఉద్యోగం కోసం హైదరాబాద్ వెళ్ళాం, బాబు 6 నుంచి 8 దాకా అక్కడే చదివాడు. తొమ్మిది, పది మళ్ళీ ఇక్కడ. ఆధార్, రేషన్ కార్డు, ఇల్లు అన్నీ ఇక్కడే. సీట్ల లెక్కలో వాడు ఇక్కడ లోకల్ (స్థానికుడి) కిందికి వస్తాడా? ఒకరు వస్తాడంటారు, ఒకరు రాడంటారు.


పాలిటెక్నిక్ లెక్చరర్ (తెనాలి వైపు)

సర్టిఫికెట్ల పరిశీలన బల్ల దగ్గర కూర్చుంటాను కాబట్టి దీనికి నేను చెబుతాను.

ఆధార్ అడ్రసు, రేషన్ కార్డు, సొంతిల్లు, ఇవేవీ లోకల్‌ని తేల్చవు. పిల్లవాడు ఎక్కడ చదివాడన్నదే చూస్తారు. రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, ఏ పరీక్ష పాసై ఆ సీటుకి వస్తున్నాడో ఆ పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే వరుస నాలుగేళ్ళు ఏ ప్రాంతంలో చదివితే ఆ ప్రాంతంలో లోకల్. పాలిటెక్నిక్‌కి అర్హత పరీక్ష పదో తరగతి, కాబట్టి 7, 8, 9, 10 చూస్తారు. ఇంజినీరింగుకి అర్హత పరీక్ష ఇంటర్, కాబట్టి 9, 10, ఇంటర్ రెండేళ్ళు.

మీ అబ్బాయి 7, 8 హైదరాబాద్‌లో, 9, 10 గుంటూరులో చదివాడు. అంటే పాలిటెక్నిక్‌కి వరుస నాలుగేళ్ళు ఎక్కడా పూర్తి కాలేదు. అలాంటప్పుడు వెనక్కి ఏడేళ్ళు, 4 నుంచి 10 వరకు, తీసుకుని ఎక్కడ ఎక్కువ కాలం చదివాడో లెక్క వేస్తారు. అందుకే 4వ తరగతి నుంచీ సర్టిఫికెట్లు అడిగేది. 4, 5 తరగతులు ఎక్కడ చదివాడో మీరు రాయలేదు. అవి గుంటూరు జిల్లాలోనే అయితే ఇక్కడ నాలుగేళ్ళు, అక్కడ మూడేళ్ళు. ఆ రెండేళ్ళ కాగితం మీకు చాలా విలువైనది, వెంటనే తెచ్చుకోండి.

ఇంటర్ ఇక్కడే చదివిస్తే ఇంజినీరింగుకి ఏ ఇబ్బందీ ఉండదు. 9, 10, ఇంటర్ కలిపి నాలుగేళ్ళు ఇక్కడే అవుతాయి.

ఈ విషయం ఇప్పుడు ఎందుకింత ముఖ్యమైందంటే, విభజన చట్టం ప్రకారం రెండు రాష్ట్రాలకీ ఉమ్మడి ప్రవేశాలు జరిగిన పదేళ్ళ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. సీట్లలో 85 శాతం లోకల్ వాళ్ళకే. రాష్ట్రం మారి చదివిన పిల్లల తల్లిదండ్రులు ఇంటర్ ఎక్కడ చేర్చాలన్నది నిర్ణయించే ముందే ఈ లెక్క వేసుకోవాలి. చేర్చేశాక తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.


గుంటూరు నాన్న

4, 5 ఇక్కడే సార్, మా ఊరి బడిలోనే. రేపే వెళ్తాను. ఇంత వివరంగా ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.


మస్కట్‌ల ఉన్న నాయిన (ఊరు జగిత్యాల దిక్కు)

నేను మస్కట్‌ల పని చేస్తున్న. మా బిడ్డ పదో తరగతి రాసింది. వచ్చే ఏడు దాకా నాకు లీవు దొరకది. టీసీకి, మిగతా కాగితాలకు తండ్రే రావాల్నని ఎవరో చెప్పిన్రట, మా ఇంటామె బుగులు పడుతుంది. నేను లేకుంటే నడవదా?


ఆఫీసు రికార్డులు (కరీంనగర్)

అన్నా, ఏం రంధి పెట్టుకోకు. తల్లి వస్తె చాలు. తల్లి దస్కత్‌తోనే టీసీ ఇస్తం. అక్క ఆధార్ జిరాక్స్, బిడ్డ హాల్‌టికెట్ జిరాక్స్ పట్టుకొని పొమ్మను. ఒకవేళ అక్కకు కూడ వీలు కాకపోతే, అడ్మిషన్ రిజిస్టర్‌ల సంరక్షకుడని రాసి ఉన్నోళ్ళు రావచ్చు.

అయితే టీసీ ఇప్పుడే తీసుకోవద్దు. ఫలితాలు వచ్చినంక, ఏ కాలేజీల చేరుతదో ఖాయం అయినంక తీసుకోవాలె. టీసీ ఒక్కసారే ఇస్తం. పోగొట్టుకుంటె డూప్లికేట్ కోసం పోలీస్ స్టేషన్‌ల కాగితం, అఫిడవిట్ అని శాన తిప్పల. ఒరిజినల్ ఎవరి చేతిల పెడుతున్నరో చూసుకోవాలె. నాలుగైదు జిరాక్సులు తీసి, ఫోన్‌ల ఫొటో కొట్టి నీకు పంపమను.

ఇంకొక్కటి చెప్త, అందరు వినాలె. బడిల రిజిస్టర్‌ల ఉన్న పేరే నామినల్ రోల్‌లకు (పరీక్ష రాసేటోళ్ళ పేర్ల పట్టికలకు) పోతది, అదే మెమోల వస్తది. పదో తరగతి మెమోల ఉన్న పేరు, పుట్టిన తేదీ జీవితాంతం వెంబడి వస్తయి. ఫలితాలు రాంగనే ముందుగాల మార్కులు చూస్తరు, అది సహజమే. తర్వాత మాత్రం పిల్ల పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ ఒక్కొక్క అక్షరం చూడుండ్రి. తప్పుంటె వెంటనే హెచ్‌ఎంకు రాసియ్యాలె. బడి రిజిస్టర్‌ల సక్కగ ఉండి మెమోల తప్పు వస్తె దిద్దించుడు అలక. రిజిస్టర్‌లనే తప్పుంటె ఏండ్లు పడుతది.


డాలస్ అక్క

రికార్డుల తమ్ముడు చెప్పిన దాని మీదే ఇంకొక మాట. మన పిల్లల మెమోల్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. ఆధార్‌లో కొందరికి పూర్తి ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి వెనకుంటుంది, కొందరికి అసలుండదు. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు ఒప్పుకోరు, విడదీసి పూర్తిగా రాయాలి. ఇక్కడికి ఎంఎస్‌కి వచ్చే పిల్లలు పదో తరగతి మెమోలో ఒక పేరు, డిగ్రీలో ఒక పేరు, పాస్‌పోర్టులో ఇంకొక పేరుతో వీసా సమయంలో ఎంత నలిగిపోతారో ప్రతి సీజన్‌లో చూస్తుంటాను.

తొమ్మిదో తరగతి పిల్లలకి ఇది సరిచేసుకోవడానికి సరైన సమయం. వాళ్ళ నామినల్ రోల్ వచ్చే శీతాకాలంలో గానీ వెళ్ళదు. బడి రిజిస్టర్‌లో ఎలా ఉందో చూసి ఆధార్‌ని దానికి సరిపెట్టుకోండి. వీలైతే ఇంటిపేరు పూర్తిగా రాయించండి.


ఆధార్ కేంద్రం నడిపే అన్న (రాజమండ్రి)

అక్క చెప్పింది నిజం. దానికి నా వైపు నుంచి కొంత.

పిల్లలకి 15 ఏళ్ళు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప గుర్తులు మళ్ళీ నమోదు చేయించుకోవడం తప్పనిసరి. 15 నుంచి 17 ఏళ్ళ లోపు చేయిస్తే ఉచితం. పదో తరగతి పిల్లల్లో చాలామందికి ఇది చేయించాలనే తెలియదు. తర్వాత ప్రవేశ పరీక్ష కేంద్రంలో వేలిముద్ర పడక కంగారు పడతారు. ఈ సెలవుల్లో చేయించేయండి.

ఆధార్‌లో పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోవచ్చు, పేరు రెండుసార్లే. కాబట్టి తొందరపడి వచ్చేయకండి. బడి రిజిస్టరు, పుట్టిన సర్టిఫికెట్ రెండూ పక్కపక్కన పెట్టుకుని ఏది సరైనదో ఇంట్లో తేల్చుకున్నాకే రండి.

పిల్ల ఆధార్‌కి నడుస్తున్న ఫోన్ నంబరు ఉండాలి. ఓటీపీ ఎప్పుడో మారిపోయిన సిమ్‌కి వెళ్తుంటే ఏ దరఖాస్తూ ముందుకు కదలదు. ఆంధ్రలో అమ్మల బ్యాంకు ఖాతాకి ఆధార్ అనుసంధానం కూడా ఒకసారి చూసుకోండి, తల్లికి వందనం పథకం డబ్బు ఇంటర్ పిల్లలకి కూడా వస్తుంది.


సోషల్ టీచర్ (అనంతపురం జిల్లా)

నేను ఎన్‌ఎంఎంఎస్ (కేంద్రం ఇచ్చే ప్రతిభా స్కాలర్‌షిప్) పిల్లల గురించి రాయాల. ఈ విషయంలో ఏటా నాకు మనసు కష్టపడుతుంది.

ఎనిమిదో తరగతిలో ఆ పరీక్ష రాసి ఎంపికైన పిల్లకి 9 నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. నాలుగేళ్ళకి 48,000. కూలికి పోయే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. ఆ పరీక్ష కోసం సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పిస్తాం, ఆదివారాలు కూడా వస్తారు పిల్లలు. అంత కష్టపడి తెచ్చుకున్నది పదో తరగతి అయిపోగానే వదిలేస్తున్నారు.

ఎందుకు పోతుందో చెబుతాను. ఆ స్కాలర్‌షిప్ ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ సంస్థల్లో చదివేవాళ్ళకే. పది అయ్యాక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరితే ఆగిపోతుంది. తిండి, వసతి ప్రభుత్వమే పెట్టే గురుకులంలో చేరినా ఆగిపోతుంది. ఇది తెలిసి, ఆలోచించుకుని, గురుకులమే మేలనుకుని చేరితే నాకే అభ్యంతరమూ లేదు. తెలియకుండా పోగొట్టుకోవడమే బాధ.

ఇంకొక కారణం రెన్యువల్. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ప్రతి ఏడాదీ మళ్ళీ దరఖాస్తు చేయాల. తొమ్మిదిలో, పదిలో మేం గుర్తు చేస్తాం. ఇంటర్‌లో చేరాక కాలేజీవాళ్ళకి ఈ పిల్లకి ఈ స్కాలర్‌షిప్ ఉందనే తెలియదు. పిల్లే వెళ్ళి చెప్పాల. పదో తరగతిలో 60 శాతం మార్కులు రావాల, ఎస్సీ, ఎస్టీ పిల్లలకి 55 చాలు. తొమ్మిది నుంచి పదికి, ఇంటర్ మొదటేడు నుంచి రెండో ఏడుకి మొదటి ప్రయత్నంలోనే పాసై పోవాల.

కాబట్టి ఇప్పుడు చేయాల్సిన పని: మీ బడిలో ఎన్‌ఎంఎంఎస్ చూసే టీచరు దగ్గర మీ దరఖాస్తు నంబరు, పాస్‌వర్డ్, ఏ ఫోన్ నంబరుతో నమోదైందో రాయించుకోండి. టీచర్లకి బదిలీలు అవుతుంటాయి, సెలవులయ్యాక ఆ సారే అక్కడ ఉంటారని నమ్మకం లేదు.


కదిరి అమ్మ

మేడమ్, మా పాపకి ఎన్‌ఎంఎంఎస్ ఉంది. టౌన్‌లో ప్రైవేటు కాలేజీవాళ్ళు ఇంటికి వచ్చి ఫీజు సగానికి ఇస్తామన్నారు. ఇప్పుడే ఐదు వేలు కట్టమంటున్నారు. కట్టేద్దామనుకుంటా ఉన్నాం.


సోషల్ టీచర్ (అనంతపురం జిల్లా)

ఇంకా కట్టకండమ్మా. ఫలితాలే రాలేదు. పాపకి ఎన్ని మార్కులొస్తాయో, ట్రిపుల్ ఐటీ వస్తుందో, గురుకుల జూనియర్ కాలేజీ వస్తుందో తెలియదు. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో పుస్తకాలు ఉచితంగా ఇస్తున్నారు, 2025 జనవరి నుంచి డొక్కా సీతమ్మ పేరుతో మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు. మీ ఊరి కాలేజీకి ఒకసారి పాపను తీసుకుని వెళ్ళి, లెక్చరర్లతో మాట్లాడి రండి. అప్పుడు నిర్ణయించుకోండి.


ఖమ్మం ఆటో అన్న

పీఆర్‌ఓల (పిల్లల్ని చేర్పించుకునేటందుకు ఇంటింటికి తిరిగే కాలేజీ మనుషుల) సంగతి నేను చెప్త. జనవరి నుంచే మా వాడకట్టుకు తిరుగుతున్నరు. పిల్లల ఫోన్ నంబర్లు వీళ్ళకు ఎట్ల దొరుకుతయో తెల్వది. పోయినేడు మా పెద్దోని కోసం ఒక కాలేజీకి పది వేలు అడ్వాన్సు కట్టినం. తీరా వానికి పాలిటెక్నిక్ల మంచి బ్రాంచి వచ్చింది. పైసలు వాపస్ అడిగితె ఇయ్యలె. రసీదు అడిగితె మామూలు చిట్టీ మీద రాసిన కాగితం చూపెట్టిన్రు. పది వేలు అంటె నాకు ఎన్నొద్దుల కిరాయో మీకే తెలుసు.

ఎవలైన కట్టాల్ననుకుంటె కాలేజీ ముద్ర ఉన్న రసీదు తీసుకోండ్రి. సీటు వద్దనుకుంటె ఎంత వాపస్ ఇస్తరో ఆ రసీదు మీదనే రాయించుకోండ్రి. రాయనంటె కట్టొద్దు.


ఆఫీసు రికార్డులు (కరీంనగర్)

అన్న చెప్పింది అక్షరాల నిజం. నోటిఫికేషన్ రాకముందు ప్రవేశాలు చెయ్యొద్దని ఇంటర్ బోర్డు ప్రతి ఏడు చెప్తనే ఉంటది. చేరే ముందు ఆ కాలేజీకి ఈ ఏడు బోర్డు గుర్తింపు ఉన్నదో లేదో బోర్డు వెబ్‌సైట్‌ల జాబితా చూడుండ్రి. పెద్ద పేరు ఉన్న సంస్థే అయినా, మీ పిల్ల చేరే బ్రాంచి పేరు, కోడ్ ఆ జాబితాల ఉండాలె. గుర్తింపు లేని బ్రాంచిల చదివించి, పరీక్ష ఫీజు కట్టే యాళ్ళకు వేరే కాలేజీ పేరు మీద రాపిస్తరు. అప్పుడు పిల్లకు సమజ్ కాదు, తల్లిదండ్రులకు సమజ్ కాదు.


టెక్కలి అమ్మాయి (పదో తరగతి)

నమస్తే అందరికీ. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాను. నాకు ట్రిపుల్ ఐటీలో చేరాలని ఉంది. మా ఇంట్లో ఆరేళ్ళు హాస్టల్లో వద్దు అంటున్నారు, పాలిటెక్నిక్ అయితే శ్రీకాకుళంలోనే మూడేళ్ళలో అయిపోతుంది కదా అంటున్నారు. నాకు 550 పైన వస్తాయని మా మేడమ్ అంటున్నారు. ఏది మంచిది?


నూజివీడు పాత విద్యార్థిని

చెల్లీ, నేను నూజివీడులో చదివాను. మాది కూడా జెడ్పీ హైస్కూలే.

ముందు ఒక మంచి మాట. ట్రిపుల్ ఐటీకి వేరే ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి మార్కులే చూస్తారు. ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్ళ మార్కులకి 4 శాతం డిప్రివేషన్ స్కోర్ కలుపుతారు. రెసిడెన్షియల్ బడులకి అది రాదు, నీకు వస్తుంది. ఆ నాలుగు శాతమే నాలాంటి ఎంతోమందిని లోపలికి తీసుకెళ్ళింది. మొదటి ప్రయత్నంలో పాసైన వాళ్ళకే అవకాశం, నీకు ఆ సందేహం ఎలాగూ లేదు. 2008లో మూడు ప్రాంగణాలతో మొదలైంది: నూజివీడు, ఇడుపులపాయ, బాసర. తర్వాత ఒంగోలు, శ్రీకాకుళం వచ్చాయి. బాసర తెలంగాణలో ఉంది. నువ్వు ఐచ్ఛికం ఇచ్చేటప్పుడు శ్రీకాకుళం మొదట పెట్టుకోవచ్చు, ఇంటికి దగ్గరే. ఈ మాట ఇంట్లో చెప్పు, సగం భయం అక్కడే పోతుంది.

మొదటి రెండేళ్ళు పీయూసీ, ఇంటర్‌తో సమానం. తర్వాత నాలుగేళ్ళు బీటెక్. పీయూసీ అయ్యాక బయటికి రావాలనుకుంటే రావచ్చు.

మొదటి ఏడాది కష్టంగా ఉంటుంది, అది దాచను. ఇల్లు గుర్తొస్తుంది. తెలుగు మీడియం నుంచి వస్తే పాఠాలు అలవాటు పడడానికి కొన్ని నెలలు పడుతుంది. ఏడ్చిన రాత్రులు నాకూ ఉన్నాయి. కానీ చుట్టూ ఉన్న పిల్లలందరూ మనలాంటి ఊళ్ళ నుంచే వస్తారు, కొన్నాళ్ళకి వాళ్ళే ఇల్లవుతారు. ఆడపిల్లని ఆరేళ్ళు పంపడమా అని మా నాన్న కూడా అన్నారు. ప్రాంగణం చూడ్డానికి ఒక రోజు వచ్చి, సీనియర్ అమ్మాయిలతో మాట్లాడాక ఒప్పుకున్నారు. మీ నాన్నగారిని కూడా ఒకసారి తీసుకెళ్ళు.

రెంటికీ దరఖాస్తు పెట్టు. ఒకటి రాకపోతే ఇంకొకటి ఉంటుంది.


పాలిటెక్నిక్ లెక్చరర్ (తెనాలి వైపు)

అమ్మాయికి పాలిసెట్ సంగతి నేను చెబుతాను. ఆంధ్రలో 120 మార్కులు, రెండు గంటలు. గణితం 50, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 30. తప్పు సమాధానానికి మార్కులు కోయరు కాబట్టి ఏదీ వదిలిపెట్టకూడదు. ర్యాంకుకి కనీసం 36 రావాలి, ఎస్సీ, ఎస్టీలకి ఆ కనీసం లేదు. అంతా పదో తరగతి సిలబస్సే. పుస్తకం ఇంకా చేతిలో ఉండగానే పాత ప్రశ్నపత్రాలు చేయి తల్లీ, పరీక్షలయ్యాయని అటకెక్కించవద్దు.

డిప్లొమా మూడేళ్ళు. ఆ తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. మొత్తం లెక్క వేస్తే అదీ ఆరేళ్ళే. తేడా ఏంటంటే మూడేళ్ళకి ఉద్యోగం చేయగల సర్టిఫికెట్ చేతికొస్తుంది. ఇంటి పరిస్థితిని బట్టి అది చాలా పెద్ద తేడా.


టెక్కలి అమ్మాయి (పదో తరగతి)

థాంక్యూ అక్కా, థాంక్యూ సార్. మా నాన్నకి ఇవి చదివి వినిపించాను. శ్రీకాకుళం ప్రాంగణం చూసొద్దాం అన్నారు.


సీబీఎస్‌ఈ తండ్రి (విశాఖ)

మా బాబు సీబీఎస్‌ఈ. ఇంటర్‌కి రాష్ట్ర బోర్డుకి మారుద్దామని. అదనంగా ఏం కావాలి?


లెక్కల మాస్టారు (విజయనగరం జిల్లా)

మైగ్రేషన్ సర్టిఫికెట్. సీబీఎస్‌ఈ దాన్ని డిజిలాకర్‌లోనే పెడుతుంది, మార్కుల మెమోతో పాటు దించుకోండి. టీసీ మామూలే. 2026 నుంచి సీబీఎస్‌ఈ పదో తరగతికి రెండోసారి రాసే అవకాశం ఇస్తోంది, మూడు సబ్జెక్టుల వరకు మెరుగుపరుచుకోవచ్చు. అది మేలో ఉంటుంది కాబట్టి కాలేజీ చేరిక తేదీలతో కలిపి ఆలోచించుకోండి.


పదో తరగతి తల్లి (నల్లగొండ)

అందరు మార్కులొచ్చినంక చేయాల్సినయి చెప్తున్నరు. మా వాడు లెక్కల పరీక్ష సరిగ రాయలేదు. వచ్చిన రోజు నుంచి అన్నం సరిగ తింటలేడు. ఫలితాలు వచ్చిన రోజు ఏమైతదో అని నాకు నిద్ర పడుతలేదు.


లెక్కల మాస్టారు (విజయనగరం జిల్లా)

అమ్మా, ఈ ఒక్క విషయం మీద నేను చాలాసేపు రాస్తాను, అందరూ చదవండి.

ముందు అసలు సంగతి. ఒక సబ్జెక్టు పోతే ఏడాది పోదు. ఆంధ్రలో సప్లిమెంటరీ మేలోనూ మీ తెలంగాణలో జూన్‌లోనూ పెడుతున్నారు. అది పాసైనవాళ్ళు అదే ఏడాది ఇంటర్‌లో చేరుతున్నారు. బాబుకి ఈ మాట ఫలితాలొచ్చే ముందే చెప్పండి. ఆ రోజు చెబితే చెవికెక్కదు. ఇవాళే, మామూలుగా అన్నం పెడుతూ చెప్పండి: "పోతే మళ్ళీ రాద్దాం, పరీక్ష జూన్‌లోనే ఉంది, నేను ఫీజు కడతాను" అని. పిల్లవాడికి మార్కుల భయం కంటే ఇంట్లో మొహాలు ఎలా ఉంటాయన్న భయం ఎక్కువ. నా దగ్గర చదివిన పిల్లలతో మాట్లాడి తెలుసుకున్నది ఇదే.

ఫలితాల రోజు వాడిని ఒక్కణ్ణీ వదలకండి. ఎవరో ఒకరు ఇంట్లో ఉండండి. చుట్టాల ఫోన్లు మీరు ఎత్తండి, వాడి చేతికి ఇవ్వకండి. పక్కింటి పిల్ల మార్కులు ఆ రోజు ఇంట్లో ఎత్తకండి. ఫోన్లో స్టేటస్‌లు పెట్టేవాళ్ళు కూడా తరగతిలో పోయిన పిల్లలున్నారని గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

అన్నం తినకపోవడం, నిద్రపోకపోవడం చాలా రోజులు సాగినా, చచ్చిపోతే బాగుండు లాంటి మాట ఒక్కటి నోట్లోంచి వచ్చినా, అది ఊరికే అన్నాడని వదిలేయకండి. టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వానిదే, ఉచితం, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. పిల్లవాడే చేయొచ్చు, మీరైనా చేయొచ్చు. పిల్లలకి 1098 కూడా ఉంది.

మార్కుల మీద అనుమానం ఉంటే రీకౌంటింగ్ (మార్కులు మళ్ళీ కూడడం) సబ్జెక్టుకి 500, రీవెరిఫికేషన్ (జవాబుపత్రం మళ్ళీ చూడడం) 1,000. రీవెరిఫికేషన్‌కి పెడితే రీకౌంటింగ్ వేరే పెట్టనక్కర్లేదు, జవాబుపత్రం నకలు కూడా వస్తుంది. ఫలితాలొచ్చాక గడువు కొద్ది రోజులే ఉంటుంది. 2025లో ఆంధ్రలో రీవెరిఫికేషన్‌లో వేలాది జవాబుపత్రాల మార్కులు మారాయి. కాబట్టి బాగా రాశానని పిల్ల గట్టిగా అంటుంటే నమ్మి పెట్టండి. అలాగని దాని మీదే ఆశ పెట్టుకుని సప్లిమెంటరీ ఫీజు కట్టడం మానకండి. రెండూ చేయండి.

మీ బాబుకి లెక్కల్లో సాయం కావాలంటే నాకు రాయమనండి. సప్లిమెంటరీలో పాసయ్యేలా ఏ అధ్యాయాలు చదవాలో నేను చెబుతాను.


పదో తరగతి తల్లి (నల్లగొండ)

పొద్దుగాల చదివిన మాస్టారు. నాశ్త పెడుతూ వానికి చెప్పిన. ఏం మాట్లాడలే గని రెండు ఇడ్లీలు తిన్నడు. మీకు దండం.


తొమ్మిదో తరగతి బాబు (భీమవరం)

సార్, మాకు తొమ్మిది అయిపోతోంది. మేం సెలవుల్లో ఏం చేయాలి? పదో తరగతి పుస్తకాలు ఇప్పుడే చదవాలా?


లెక్కల మాస్టారు (విజయనగరం జిల్లా)

మీ సీనియర్ల దగ్గర పుస్తకాలు అడిగి తీసుకో బాబూ. సీనియర్లూ, కాగితాలమ్మే అంగడికి వేయకండి, కింది తరగతివాళ్ళకి ఇవ్వండి. బడి గ్రంథాలయం పుస్తకాలు మీ దగ్గరుంటే సెలవులకి ముందే తిరిగి ఇచ్చేయండి.

చదువు విషయంలో, రోజూ గంట చాలు. ఎనిమిది, తొమ్మిది తరగతుల బీజగణితం గట్టిగా చేసుకో. పదిలో తడబడేవాళ్ళు చాలామంది కింది తరగతి సమీకరణాల దగ్గరే తడబడతారు. తెలుగులో రోజూ ఒక పేజీ చేత్తో రాయి, పరీక్షలో మూడు గంటలు రాయాలంటే చేతికి అలవాటుండాలి. మిగతా పొద్దంతా ఆడుకో.

నీకు ఆగస్టు 31 నాటికి 14 ఏళ్ళు నిండుతున్నాయో లేదో అమ్మనడుగు. నిండకపోతే వయసు మినహాయింపుకి ఫీజు కట్టి దరఖాస్తు పెట్టాలి. అది మీ హెచ్‌ఎం చూస్తారు, నువ్వు ముందుగా చెబితే చాలు.


గోదారి గట్టు

మాస్టారు ఆడుకోమన్నారు కాబట్టి చెబుతున్నాను. సెలవుల్లో పిల్లలు కాలవలకీ, చెరువులకీ, గోదారికీ వెళ్తారు. మా లంకల్లో ఇసుక తీసిన గోతులు నీళ్ళ అడుగున కనపడవు, మోకాలి లోతు అనుకున్న చోట మనిషి మునిగిపోతాడు. ప్రతి వేసవిలోనూ వింటున్నాం ఈ వార్తలు. పరీక్షలు అయిపోయిన సంతోషంలో గుంపుగా వెళ్ళిన పిల్లలే ఎక్కువ. ఈత వచ్చిన పెద్దవాళ్ళు లేకుండా నీళ్ళలోకి దిగకండి. ఒకడు మునిగితే ఇంకొకడు దూకకండి, ఈత రానివాడు దూకితే ఇద్దరూ పోతారు. పంచో, చీరో, వెదురుగడో విసరండి, కేకలు వేయండి.


ఆఫీసు రికార్డులు (కరీంనగర్)

చివరికి మా ఆఫీసు పని ఒకటి. పిల్ల బడి మారితె యూడైస్ (బడి పిల్లల వివరాలుండే సర్కారు) పోర్టల్‌ల పాత బడి వాళ్ళు ఆ పిల్లను డ్రాప్‌బాక్స్‌ల (బడి విడిచినోళ్ళ జాబితాల) వెయ్యాలె. అప్పుడే కొత్త బడి వాళ్ళు తీసుకోగలుగుతరు. టీసీ తీసుకునేటప్పుడు పిల్ల పెన్ నంబరు (యూడైస్‌ల పిల్లకు ఇచ్చిన శాశ్వత నంబరు), అపార్ నంబరు (విద్యార్థి ఐడీ) రాయించుకోండ్రి. పది అయినోళ్ళకే కాదు, ఆరు నుంచి తొమ్మిది దాక బడి మారే పిల్లలందరికి ఇది కావాలె.


గుంటూరు నాన్న

మాస్టారూ, లెక్చరర్ గారూ, ఇవాళ ఊరి బడికి వెళ్ళొచ్చాను. హెచ్‌ఎం గారు పాత రిజిస్టరు తీసి 4, 5 తరగతుల స్టడీ సర్టిఫికెట్ అక్కడికక్కడే రాసిచ్చారు. ఏడాది వారీగా ఉంది, ముద్ర ఉంది. ఇక హైదరాబాద్ బడిది మిగిలింది. ఫోన్ చేస్తే ఆ బడి రెండేళ్ళ క్రితమే మూసేశారని తెలిసింది. ఇప్పుడెలా?


పాలిటెక్నిక్ లెక్చరర్ (తెనాలి వైపు)

బడి మూతపడితే రికార్డులు విద్యాశాఖకి అప్పగించాలి. ఆ బడి ఏ మండలంలో ఉండేదో అక్కడి ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగండి, అక్కడ లేకపోతే డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసులో. పిల్లవాడి పాత ప్రోగ్రెస్ కార్డులు, ఫీజు రసీదులు, తొమ్మిదిలో చేరేటప్పుడు ఇచ్చిన టీసీ నకలు పట్టుకెళ్ళండి. ఆ టీసీ అసలు ప్రతి ఇప్పుడు చదివిన బడిలోనే ఉంటుంది, దాని మీద అడ్మిషన్ నంబరు కూడా దొరుకుతుంది. సెలవులకి ముందే ఆ నకలు అడిగి తీసుకోండి.


గుంటూరు నాన్న

సరే సార్. సోమవారం పొద్దున ముందు బడికి వెళ్ళి ఆ నకలు తీసుకుని, రాత్రి బస్సుకి హైదరాబాద్ వెళ్తాను. ఏమైందో ఇక్కడే రాస్తాను, ఇలాంటి ఇబ్బంది ఉన్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళకి కూడా ఉపయోగపడుతుంది.